ఆస్ట్రేలియా బీడుల్లో తిరిగే డిటెక్టివ్ 'బోనీ' నవలలు ఎవరైనా చదివారా? తర్వాత ఏది చదవాలి?

కాజీపేట_జంక్షన్:

అందరికీ నమస్తే. మా పెద్దనాయన రైల్వేలో గార్డు. ఆయన పోయి రెండేళ్లయింది. మొన్న ఎండాకాలం ఇంటికి సున్నం వేయిస్తూ అటక మీది ట్రంకు పెట్టె దించితే, డ్యూటీలో తిరిగినప్పుడు ప్లాట్‌ఫారం మీద కొన్న ఇంగ్లిష్ పాకెట్ పుస్తకాలు నలభై దాకా బయటపడ్డాయి. సగం చెదలు తినేశాయి. మిగిలినవాటిలో అట్ట లేని పుస్తకం ఒకటి చేతికొచ్చింది, లోపలి పేజీలో పేరు 'డెత్ ఆఫ్ ఎ లేక్', రాసింది ఆర్థర్ అప్‌ఫీల్డ్, 1954 నాటిది. నేను పెరిగింది డిటెక్టివ్ యుగంధర్ నవలలతో. డిటెక్టివ్ అంటే మద్రాసు లాంటి పట్నం, కారు, టెలిఫోన్, హోటల్ గది అనే లెక్కలోనే ఉన్నా. ఇందులో అవేవీ లేవు.

కథ మొత్తం ఒక చెరువు చుట్టూ. వానలు పడ్డప్పుడు నిండి, తర్వాత ఏళ్ల తరబడి ఎండిపోయే చెరువు. దాని ఒడ్డున గొర్రెల స్టేషన్. ఈ స్టేషన్ అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను, రైల్వే ఇంట్లో పుట్టినవాణ్ణి కదా, రైలు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూశాను. అక్కడ స్టేషన్ అంటే వేల ఎకరాల పశువుల మేత భూమి, దాని మధ్యలో ఒక ఇల్లు, పనివాళ్ల కొట్టాలు. లాటరీలో పెద్ద మొత్తం గెలిచిన కుర్రాడు ఒక రాత్రి ఈతకని చెరువులో దిగి మళ్లీ రాలేదు. శవం దొరకలేదు, డబ్బూ దొరకలేదు. ఇప్పుడు చెరువు ఎండిపోతోంది, స్టేషన్లో ఉన్నవాళ్లందరూ ఒకరి మీద ఒకరు కన్నేసి నీళ్లు ఎప్పుడు అడుగంటుతాయా అని కూర్చున్నారు. డిటెక్టివ్ గుర్రాలను మచ్చిక చేసే కూలివాడిలా వచ్చి వాళ్లలో కలిసిపోతాడు. రోజుకో రెండంగుళాలు నీళ్లు తగ్గుతుంటే టెన్షన్ అంతకంతకు పెరుగుతుంది. మే నెలలో మా అమ్మమ్మ ఊరి చెరువు ఎండి, నడుమ కాస్త బురద మిగిలి, కొంగలన్నీ అక్కడే గుమిగూడిన రోజులు కళ్ల ముందుకొచ్చాయి.

నాకు తెలియాల్సినవి మూడు. ఒకటి, ఈ డిటెక్టివ్ మీద ఇంకా నవలలున్నాయట, తర్వాత ఏది చదవాలి? రెండు, ఈ రచయిత అనుకున్న ప్లాటుతో నిజంగానే ఎవరో హత్యలు చేశారని ఒక మిత్రుడు అన్నాడు, అది నిజమేనా? మూడు, ఈ పుస్తకాల్లో అక్కడి ఆదివాసులను తక్కువ చేసి రాశారని కూడా అంటున్నారు. మా పాప ఇంటర్ చదువుతోంది, తనకు ఇవ్వవచ్చా?

హన్మకొండ_టీచర్:

పెద్దనాయన గారి పెట్టె జాగ్రత్త, మిగిలిన పుస్తకాలను వేపాకు వేసి ఎండ తగలని చోట పెట్టండి. నేను ఇరవై ఏళ్ల కిందట సెలవుల్లో ఒకదాని వెంట ఒకటి పదిహేను దాకా చదివాను, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా.

అప్‌ఫీల్డ్ పుట్టింది ఇంగ్లండ్‌లో, 1890లో. ఇరవై ఏళ్ల వయసులో తండ్రి ఆస్ట్రేలియాకు పంపేశాడు. అక్కడ వంటవాడిగా, ఒంటెలు తోలేవాడిగా, కంచె కాపలావాడిగా ఏ పని దొరికితే అది చేశాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో గల్లిపోలిలో పోరాడి వచ్చి మళ్లీ అదే బీడుల్లో పడ్డాడు. ఆయన పుస్తకాల్లో ఎండ, దుమ్ము, ఈగలు, నీళ్ల డబ్బా అడుగున మిగిలిన రెండు గుక్కలు అంత నిజంగా కనిపించడానికి కారణం అదే. బోనీ నవలలు మొత్తం 29. మొదటిది 1929లో వచ్చింది. రచయిత 1964లో పోయాడు, చివరిది వేరేవాళ్లు పూర్తి చేయగా 1966లో అచ్చయింది.

డిటెక్టివ్ పూర్తి పేరు నెపోలియన్ బోనపార్ట్. తల్లి ఆదివాసి, తండ్రి తెల్లవాడు. పసివాడిగా ఉన్నప్పుడు క్రైస్తవ మిషన్‌లో నెపోలియన్ జీవిత చరిత్ర పుస్తకాన్ని నములుతూ కనిపించాడని ఆ పేరు పెట్టారు. యూనివర్సిటీలో ఎం.ఏ. చదివి క్వీన్స్‌లాండ్ పోలీసులో ఇన్‌స్పెక్టర్ అయ్యాడు. పై అధికారి తొందరపెడితే వినడు, నెల పట్టినా మూడు నెలలు పట్టినా కేసు తేలేదాకా కదలడు.

వరుసలో చదవాల్సిన పని లేదు. మీది రైల్వే ఇల్లు కాబట్టి ముందు 'మాన్ ఆఫ్ టూ ట్రైబ్స్' పట్టుకోండి, 1956 నాటిది. నల్లార్‌బోర్ మైదానం దాటుతున్న రైల్లోంచి ఒకావిడ మాయమవుతుంది, భర్తను చంపిందన్న కేసులో నిర్దోషిగా బయటపడిన మనిషి ఆమె. నల్లార్‌బోర్ అన్న పేరుకు లాటిన్‌లో అర్థమే చెట్టు లేనిది అని. అక్కడ రైలు పట్టా 478 కిలోమీటర్లు ఒక్క వంపు కూడా లేకుండా పోతుంది. మన కాజీపేట నుంచి సికింద్రాబాద్ 132 కిలోమీటర్లు, అంటే దానికి మూడున్నర రెట్లు ఒకటే గీత. దిగి దాక్కుందామన్నా చెట్టు నీడ లేని చోట మనిషి ఎటు పోయింది? బోనీ రెండు ఒంటెలు, ఒక కుక్కతో నడిచి వెళ్తాడు. ఆ నడక పేజీలకు పేజీలు సాగుతుంది, నాకు మాత్రం ఒక్క పేజీ కూడా బరువనిపించలేదు.

తర్వాత 'ద బోన్ ఈజ్ పాయింటెడ్', 1938. మనిషి వెళ్లి ఐదు నెలలైంది, వానకు జాడలన్నీ కొట్టుకుపోయాయి, అప్పట్లో గుర్రం ఒక్కటే తిరిగొచ్చింది. ఎముక చూపించి శపించడం అని అక్కడి ఆదివాసుల్లో ఉన్న నమ్మకం ఏకంగా డిటెక్టివ్ మీదికే వస్తుంది. ఇంతకన్నా చెబితే చదివేటప్పుడు మజా పోతుంది.

మొదటి నవలతో మాత్రం మొదలుపెట్టకండి. అందులో ప్రేమకథ ఎక్కువ, బోనీ తక్కువ.

అవుసుల_వారి_అబ్బాయి:

రెండో ప్రశ్నకు నేను చెబుతా. నిజమే. ఆ కేసు గురించి దొరికినవన్నీ చదివాను, ఎందుకంటే అది తేలింది మా కులవృత్తి దగ్గర.

ముందు కంచె సంగతి. ఇంగ్లండ్ నుంచి తెచ్చిన కుందేళ్లను వేటకని 1859లో వదిలితే అవి దేశమంతా పాకి పంటలు, గడ్డి తినేశాయి. పశ్చిమ ఆస్ట్రేలియాలోకి రాకుండా 1901 నుంచి 1907 దాకా కంచెలు కట్టారు, అందులో ఒకటో నంబర్ కంచె ఒక్కటే 1,833 కిలోమీటర్లు. దాన్ని చూసుకుంటూ తిరిగే పనివాళ్లలో అప్‌ఫీల్డ్ ఒకడు. 1929లో ఆయనకు కొత్త నవల కోసం ప్లాటు కావాలి. శవం ఆనవాలే లేకుండా పోవాలి, డిటెక్టివ్ అది లేకుండానే కేసు ఛేదించాలి. తోటి పనివాడు ఒకాయన ఉపాయం చెప్పాడు. కాల్చడం, బూడిద జల్లించడం, మిగిలిన ఎముకలు దంచడం, లోహం దొరికితే ఆసిడ్‌లో కరిగించడం, అదే మంటలో ఒక జంతువునూ కాల్చడం, ఎవరైనా అడిగితే చెప్పడానికి. ఉపాయం మరీ గట్టిగా ఉందని అప్‌ఫీల్డ్‌కు భయం, డిటెక్టివ్‌కు దారి లేకుండా పోయింది. ఇందులో లొసుగు పట్టుకుంటే ఒక పౌండు ఇస్తానని ఆ చెప్పినాయనతోనే పందెం వేశాడు. లొసుగు దొరకలేదు. చలిమంట దగ్గర దీని మీద వాదన పడుతున్నప్పుడు విన్నవాళ్లలో స్నోవీ రోల్స్ అనే అతనూ ఉన్నాడు.

ఆ డిసెంబరులో రోల్స్‌తో కలిసి వెళ్లిన ఇద్దరు మనుషులు మళ్లీ కనిపించలేదు. 1930 మే నెలలో ఇంకొకరు, ఆయన పేరు లూయీ కారన్. బీడుల్లో కూలి పని చేసేవాళ్లు ఇవాళ ఇక్కడ, రేపు ఇంకో రాష్ట్రంలో, కాబట్టి మొదటి ఇద్దరినీ ఎవరూ అడగలేదు. కారన్‌కు ఉత్తరాలు రాసే స్నేహితులున్నారు, జవాబు రాకపోయేసరికి వాకబు మొదలైంది. పోలీసులు ఒక పాత విడిది దగ్గర బూడిద జల్లిస్తే అందులో ఒక పెళ్లి ఉంగరం.

ఇక్కడ కొంచెం మా పని గురించి చెప్పాలి. ఉంగరం వదులు చేయాలన్నా బిగువు చేయాలన్నా కోసి మళ్లీ అతకాలి, అతకడానికి టంకం పెట్టాలి. టంకం నగకంటే ముందు కరగాలి, లేకపోతే నగే కరిగిపోతుంది, అందుకే టంకంలో బంగారం కొంచెం తక్కువ, వెండి రాగి లాంటివి కొంచెం ఎక్కువ కలుపుతారు. చెయ్యి తిరిగినవాడు నగ క్యారెట్‌కు దగ్గరి టంకమే వాడతాడు, మెరుగు పెట్టాక అతుకు ఎక్కడుందో పెట్టుకున్న మనిషికి కూడా తెలియదు. మా నాయన ఊదుగొట్టంతో ఊదుతూ కుంపటి ముందు కూర్చుంటే, టంకం మెరిసి పారే ఆ ఒక్క క్షణం కోసం నేను ఊపిరి బిగబట్టి చూసేవాణ్ణి, అది తప్పితే పని చెడినట్టే. కారన్ ఉంగరం 18 క్యారెట్లది. న్యూజిలాండ్‌లో దాన్ని సరిచేసినప్పుడు దుకాణంలోని సహాయకుడు పొరపాటున 9 క్యారెట్ల టంకం పెట్టాడు. అతుకు దగ్గర రంగు తేడా అలాగే ఉండిపోయింది. కారన్ భార్య ఉంగరాన్ని గుర్తుపట్టింది, ఆ టంకం తేడా ఆమె మాటకు రుజువైంది. ఆ ఉపాయంలో చెప్పినవన్నీ రోల్స్ చేశాడు, లోహాన్ని కరిగించే పని మాత్రం చేయలేదు.

విచారణ 1932 మార్చిలో పెర్త్‌లో జరిగింది, అప్‌ఫీల్డ్ కూడా వచ్చి సాక్ష్యం చెప్పాడు. అదే ఏడాది జూన్ 8న ఫ్రీమాంటిల్ జైల్లో రోల్స్‌ను ఉరితీశారు. కారన్ హత్య ఒక్కదానికే శిక్ష పడింది. ఆ ప్లాటుతో రాసిన నవల 'ద సాండ్స్ ఆఫ్ విండీ' అప్పటికే 1931లో వచ్చేసింది. ఇవన్నీ తెలిసి ఆ నవల చదివితే మంట గురించి రాసిన పేజీలు తిప్పడం కష్టంగా ఉంటుంది, నాకైతే అలాగే అయింది. మొదటి ఇద్దరి కోసం ఎవరూ ఒక ఉత్తరం రాయలేదన్నది ఇప్పటికీ మనసులోంచి పోదు.

ఏటూరునాగారం_బీట్:

జాడ తీయడం గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నా. అడవిలో పదకొండేళ్లు బీట్ డ్యూటీ చేశాను. అప్‌ఫీల్డ్ రాసినవాటిలో కొన్ని ఎక్కువ చేసి రాసినట్టున్నా చాలావరకు నమ్మొచ్చు.

నాకు పని నేర్పింది మా వాచర్, కోయాయన, నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. కాకా అని పిలిచేవాణ్ణి. ఒక చలికాలం పొద్దున వాగు ఇసుకలో కణుజు అడుగులు కనిపించాయి. ఇప్పుడే పోయింది కాకా, అంచులు ఎంత పదునుగా ఉన్నాయో చూడు అన్నాను. కాకా గొంతుకు కూర్చుని అడుగు లోపల చూపించాడు. సన్న సన్న గుంతలు, పైన కొమ్మల మీది మంచు బొట్లు రాలి చేసినవి. ఇసుక మీద ఉన్నట్టే అడుగు లోపలా ఉన్నాయి. అంటే బొట్లు రాలకముందే జంతువు పోయింది, రాత్రే పోయింది. అడుగు బొట్ల మీద పడి ఉంటే ఆ గుంతలు అణిగిపోయేవి. ఇంకో నాలుగు అడుగులు అవతల చీమల బారు ఒకటి అడుగును అడ్డంగా కోసుకుని సాగుతోంది, చీమలు దారి తిరిగి వేసుకోవడానికి ఎంతసేపు పడుతుందో కూడా ఆయనకు లెక్క ఉంది. బోనీ ఇదే చేస్తాడు. అక్కడ మంచు తక్కువ, గాలి ఎక్కువ, కాబట్టి గాలికి ఇసుక ఎటు పేరింది, అడుగు పడమటి అంచు ఎంత కూలింది అని చూస్తాడు. చదువుతున్నప్పుడు రెండు మూడు చోట్ల పుస్తకం మూసి కాకానే తలుచుకున్నా.

ఆస్ట్రేలియా పోలీసులు ఆదివాసి ట్రాకర్ల మీద ఆధారపడింది నిజం, ఎన్నో దశాబ్దాల పాటు. తప్పిపోయిన పిల్లలను వెతికింది వాళ్లే, నేరస్తుల జాడ తీసింది వాళ్లే, రిపోర్టు మాత్రం పై అధికారి పేరు మీద. మా కాకా పేరు కూడా ఏ రిజిస్టర్‌లోనూ వేలిముద్ర దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు. అందుకే 1929లో ఒక ఆదివాసి తల్లి కొడుకును ఇన్‌స్పెక్టర్‌గా నిలబెట్టి తెల్ల దొరలతో సార్ అనిపించిన రచయిత అంటే నాకు గౌరవం.

కేయూ_లైబ్రరీ:

నేను ఎం.ఏ. ఇంగ్లిష్ చేస్తున్నా. ఏటూరునాగారం అన్న రాసింది చదివి చాలాసేపు ఆలోచించాను, కాకా గురించి రాసినందుకు థాంక్స్ అన్నా. గౌరవం మాట దగ్గర మాత్రం నాది కొంచెం వేరే మాట.

బోనీని గొప్పవాడిగా చూపిస్తూనే అప్‌ఫీల్డ్ అతన్ని రెండు ముక్కలు చేస్తాడు. బుద్ధిగా ఆలోచిస్తే అది తండ్రి వైపు రక్తమట, భయపడినా మూఢంగా నమ్మినా తల్లి వైపు రక్తమట. దాదాపు ప్రతి నవలలో ఈ మాట వస్తుంది. అన్న చెప్పిన మంచు బొట్ల లెక్క చూడండి. అందులో కాకాకు రక్తంలో వచ్చిందేముంది? గమనించడం, పోల్చడం, తప్పు సరిదిద్దుకోవడం, నలభై ఏళ్లు అదే పని. అదంతా శాస్త్రమే కదా. దాన్ని నవలలో పుట్టుకతో వచ్చిన గుణంగా రాసేస్తే, నేర్చుకున్న మనిషి కష్టం ఎక్కడికి పోయింది? ఆదివాసులను జనాభా లెక్కల్లోంచి మినహాయించిన రాజ్యాంగ నిబంధనను ఆ దేశం తీసేసింది 1967 రెఫరెండంలో, రచయిత పోయిన మూడేళ్లకు. ఆ నవలలు ఆ కాలానివి, కాలం గుర్తులు వాటిలో ఉంటాయి. తర్వాత 1972లో టీవీ సీరియల్ తీసినప్పుడు కూడా బోనీ వేషం న్యూజిలాండ్ నటుడు జేమ్స్ లారెన్సన్‌కు ఇచ్చారు, తెల్లాయనకు రంగు పూసి.

మనం కూడా తక్కువేం చేయలేదు. మన సినిమాల్లో కోయదొర అంటే ఈకలు పెట్టుకుని జోస్యం చెప్పేవాడు, లేకపోతే హీరోకు దారి చూపి చచ్చిపోయేవాడు. మా రూమ్మేట్ తాడ్వాయి నుంచి వచ్చిన కోయమ్మాయి, అలాంటి సీను వస్తే లేచి బయటికెళ్లిపోతుంది.

అంకుల్, మీ పాపకు తప్పకుండా ఇవ్వండి. ఇచ్చాక ఆ రక్తం మాటలు వచ్చిన పేజీల దగ్గర ఆగి ఇద్దరూ మాట్లాడుకోండి. నేను 'ద బోన్ ఈజ్ పాయింటెడ్' చదివినప్పుడు పెన్సిల్‌తో గీతలు పెట్టుకుంటూ చదివాను, కోపం వచ్చిన చోట ఒక గీత, ఒళ్లు జలదరించిన చోట రెండు. రెండో రకమే ఎక్కువొచ్చాయి. అమెరికాలో నవాహో అనే ఆదివాసి తెగ పోలీసుల మీద నవలలు రాసిన టోనీ హిల్లర్‌మన్, చిన్నప్పుడు అప్‌ఫీల్డ్‌ను చదవడం వల్లే తనకు ఆ దారి దొరికిందని చెప్పుకున్నాడు.

కాజీపేట_జంక్షన్:

అందరికీ చాలా థాంక్స్. టంకం సంగతి రాత్రి ఇంట్లో చదివి వినిపిస్తే మా ఆవిడ తన ఉంగరం తీసి అతుకు ఎక్కడుందో దీపం కింద వెతికింది. పాపకు పుస్తకం ఇచ్చేశాను, పెన్సిల్ కూడా ఇచ్చాను.

ఇంకొక ఆలోచన. 'డెత్ ఆఫ్ ఎ లేక్' మొదటి అధ్యాయం తెలుగులో రాయాలని చూస్తున్నా, మా అమ్మ వినాలని. ఆమెకు ఇంగ్లిష్ రాదు, చెరువు ఎండడం మాత్రం మా అందరికంటే ఎక్కువ తెలుసు. మాటల దగ్గరే ఆగిపోతున్నా. ఔట్‌బ్యాక్‌ను, అంటే ఆస్ట్రేలియా లోపలి ఆ జనం పలచని నేలను, ఏమనాలి? అడవి అంటే చెట్లు కనిపిస్తాయి, ఎడారి అంటే ఇసుక దిబ్బలు కనిపిస్తాయి, రెండూ కాదు. అసలు అలా అనువాదం చేయొచ్చా, హక్కుల గొడవ ఉంటుందా?

హన్మకొండ_టీచర్:

హక్కుల గురించి భయం వద్దు. మన దేశంలో రచయిత పోయిన తర్వాత 60 ఏళ్ల దాకా కాపీరైట్. అప్‌ఫీల్డ్ 1964లో పోయాడు కాబట్టి 2024 చివరితో ఆయన బతికుండగా వచ్చిన నవలలకు ఇక్కడ గడువు తీరింది. 1966లో వచ్చిన చివరిదాన్ని మాత్రం ఇప్పుడే ముట్టుకోకండి. ఆస్ట్రేలియాలో గడువు 70 ఏళ్లు, అక్కడ ఇంకా హక్కులున్నాయి, అందుకని విదేశాల్లో అమ్మే సైట్లలో పెట్టకండి.

ఔట్‌బ్యాక్‌కు నేనైతే బీడు అంటాను, మరీ పెద్దదని చెప్పాలంటే మహా బీడు. పడావు అంటే మన దగ్గర నాలుగేళ్లు దున్నక వదిలేసిన చేను, అది చిన్నదైపోతుంది. స్టేషన్‌ను స్టేషన్ అనే ఉంచండి, మొదటిసారి వచ్చినప్పుడు ఒక్క వాక్యంలో చెప్పేస్తే చాలు. బిల్లబాంగ్ వస్తే మడుగు.

ఏటూరునాగారం_బీట్:

కేయూ చెల్లెమ్మా, నువ్వు చెప్పింది ఒప్పుకుంటున్నా. కాకా నాకు నేర్పాడు అని రాశాను గానీ ఆయన ఎవరి దగ్గర నేర్చుకున్నాడో నేను ఏనాడూ అడగలేదు. ఈ ఆదివారం ఊరికి పోతున్నా, అడుగుతా.

కాజీపేట అన్నా, ఇంకో మాట. ఆ నవలల్లో సోక్ అని వస్తుంది, ఎండిపోయిన ఏటి ఇసుకలో చేత్తో తవ్వితే ఊరే నీళ్లు. దానికి కొత్త మాట వెతకకు. చెలిమె. మీ అమ్మకు ఆ ఒక్క మాట చెబితే మిగిలిన పేజీ ఆమే చెబుతుంది, ఎంత లోతు తవ్వాలో, మొదటి నీళ్లు ఎందుకు పారబోయాలో కూడా.